అందరికీ అందే తోటలో వారం వారం కార్యక్రమం ఎలా నడపాలి?

వీల్‌చైర్ వెళ్ళే దారి, నడుం ఎత్తున మడులు డబ్బుంటే కట్టించేయొచ్చు. ఆ మడుల దగ్గరికి ప్రతి వారం మనుషులు వచ్చేలా చూడటం మాత్రం డబ్బుతో అయ్యే పని కాదు. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ళు, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళు, చూపు లేనివాళ్ళు, ఆటిజం ఉన్న పిల్లలు, మతిమరుపు మొదలైన పెద్దలు వచ్చి కాసేపు కూర్చుని పోతే అది పార్కు. వాళ్ళు చేతులకు మట్టి అంటించుకుని పని చేసే తోట వేరు. అలాంటి తోటను తిరుపతి ఎండకూ వానకూ తగ్గట్టు ఎలా నడపాలో చూద్దాం.

1. ఎవరికోసమో ముందు తేల్చుకోండి

"అందరూ రండి" అని బోర్డు పెడితే ఎవరూ రారు. మొదట ఒక్క గుంపును ఎంచుకోండి. తిరుపతిలో ఇది కష్టం కాదు. టీటీడీ వాళ్ళ బర్డ్, ఇంకా స్విమ్స్, రుయా ఆస్పత్రుల్లో ఫిజియోథెరపీకి వచ్చేవాళ్ళు ఉంటారు. పిల్లల కోసమైతే, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో అడగండి. చుట్టుపక్కల ఊళ్ళలో దివ్యాంగులకు కబురు చేరవేయమని సచివాలయం సిబ్బందిని కోరండి.

థెరపిస్టుతో మాట్లాడాకే పని మొదలుపెట్టండి. ఎవరు ఏ చెయ్యి ఎంతవరకు వాడొచ్చు, ఎవరు ఎంతసేపు నిలబడొచ్చు అన్నది ఆయనే చెప్పాలి. తోటపనితో జబ్బు నయమవుతుందని ఎవరికీ చెప్పకండి, మందులు ఆపమని అసలే అనకండి.

ఒక విడతకు ఆరు నుంచి ఎనిమిది మంది చాలు, ఇద్దరికి ఒక సహాయకుడు ఉండాలి. మధ్యలో మానేసేవాళ్ళను అడిగితే ఎక్కువగా ఆటో ఖర్చు దగ్గరే మాట ఆగుతుంది. అందుకే ఒకే దారిలో ఉన్నవాళ్ళను ఒకే రోజు పిలిచి, ఒక ఆటో మాట్లాడి పెట్టండి.

2. గేటు నుంచి బాత్‌రూమ్ దాకా ఒకసారి వీల్‌చైర్‌లో వెళ్ళి చూడండి

మీరే కూర్చుని, ఎవరూ తొయ్యకుండా వెళ్ళండి. దారి కనీసం 1.2 మీటర్ల వెడల్పు, ఎదురెదురుగా రెండు వీల్‌చైర్లు వస్తే 1.8 మీటర్లు, తిప్పుకునే చోట 1.5 మీటర్లు ఉండాలి. ర్యాంపు వాలు 1:12 దాటకూడదు, అంటే అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల పొడవు కావాలి. కంకర పరిచిన దారిలో చక్రం కదలదు. ఎర్రమట్టి దారైతే అక్టోబరు, నవంబరు వానలకు బురదై కూర్చుంటుంది.

మడి కింద మోకాళ్ళు దూరే ఖాళీ 70 సెంటీమీటర్ల దాకా ఉండాలి. ఒక వైపు నుంచే పని చేసేట్టయితే వెడల్పు 60 సెంటీమీటర్లు మించితే చెయ్యి అందదు. కొత్తగా కట్టించనక్కర్లేదు. గట్టి టేబుల్ మీద లోతు తక్కువున్న టబ్బులు పెట్టినా ఆకుకూరలు బ్రహ్మాండంగా వస్తాయి. కార్పొరేషన్ పార్కులో చేస్తుంటే ర్యాంపు కోసం అర్జీ పెట్టండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలంటోంది, ఆ మాట అర్జీలో రాయండి. బాత్‌రూమ్ సరిగా లేకపోతే కార్యక్రమాన్ని వాయిదా వేయండి. అది లేనిచోటికి వచ్చేవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేసి వస్తారు. ఈ ఎండల్లో అది ప్రమాదం.

3. టైం ఎండను బట్టి పెట్టుకోండి

మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించండి. మే నెలలో బయటి పని వద్దు, నీడపట్టున విత్తనాలు ఏరడం, మాలలు కట్టడం లాంటివి చేయించండి. వెన్నుపూస పైభాగంలో దెబ్బ తగిలినవాళ్ళకు ఆ కింది ఒంటికి చెమట సరిగా పట్టదు, వేడి బయటికి పోదు. వాళ్ళు బాగానే ఉన్నామంటున్నా నీడలోనే ఉంచి, మెడ మీద తడిగుడ్డ వేయండి. ఎండలో వదిలేసిన వీల్‌చైర్ రిమ్ము, స్టీలు పైపుల కమ్మీలు చేతులు కాలుస్తాయి.

ఇంకొకటి, చాలామందికి తట్టదు. తులసిని కోట కట్టి పెట్టారంటే మనవాళ్ళు అలవాటుగా చెప్పులు విప్పేస్తారు. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు కాలిన సంగతి ఇంటికెళ్ళాక గానీ తెలియదు. తులసిని మామూలు కుండీలో మిగతా మొక్కల మధ్య కలిపేయండి.

4. మనిషికి తగ్గ పని ఇవ్వండి

ఈ కార్యక్రమానికి ప్రాణం ఇదే. నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా మన వైపు అనపకాయల (చిక్కుడు జాతి కాయల) కాలం. రాత్రి నానబెట్టిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒత్తితే తోలు చేతిలో మిగిలి, పప్పు చటుక్కున బయటికి దూకుతుంది. పక్షవాతం తర్వాత చిన్న వస్తువు పట్టుకోవడం మళ్ళీ అలవాటు చేయడానికి థెరపిస్టులు వేళ్ళతో చేయించేది దాదాపు ఈ ఒత్తుడే. రబ్బరు బంతి నొక్కమంటే విసుక్కునే పెద్దమ్మ కూడా పితికిన పప్పు అనగానే పళ్ళెం ముందుకు లాక్కుంటుంది. మొదట్లో పప్పు ఎటో ఎగిరిపోతుంది కాబట్టి అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం ఇవ్వండి, జారకుండా కింద తడిగుడ్డ వేయండి. దెబ్బతిన్న చెయ్యి గింజను పట్టాలి, బాగున్న చెయ్యి పళ్ళేన్ని పట్టాలి. మాటల్లో పడితే చేతులు మారిపోతాయి, ఓ కన్నేసి ఉంచండి.

విత్తడానికి మొదట మెంతులు ఇవ్వండి. మూడు నాలుగు రోజుల్లో మొలక కనిపిస్తుంది కాబట్టి వచ్చే వారం రావడానికి ఒక కారణం దొరుకుతుంది. వేళ్ళు వంగనివాళ్ళకు చిక్కుడు లాంటి పెద్ద గింజలు నయం. తొలిక (కలుపు తీసే చిన్న పనిముట్టు) పిడికి పాత సైకిల్ ట్యూబు చుడితే పట్టు దొరుకుతుంది. నీళ్ళకు పెద్ద క్యాన్ వద్దు, సగం నింపిన చెంబు చాలు.

చూపు లేనివాళ్ళకు మడి పొడవునా తాడు కట్టి, జానెడుకొక ముడి వేయండి. ముడి ముడికీ ఒక విత్తనం, వరస తప్పదు. మరువం, దవనం, వాము ఆకు, నిమ్మగడ్డి వాసనతోనే తెలిసిపోతాయి, అయితే పక్కపక్కనే పెడితే వాసనలు కలిసిపోతాయి. ఆటిజం ఉన్న పిల్లలకు ప్రతి వారం పని అదే వరసలో సాగాలి, మైకు అసలు వద్దు. మట్టి ముట్టుకోనని మొండికేస్తే చెంచా ఇవ్వండి. కనకాంబరం ఎండుకాయ మీద నీటి చుక్క వేస్తే టప్పున పేలుతుంది. అది చూశాక ఇక వాళ్ళను కదిలించడం కష్టం.

చెనక్కాయలు, చెరుకు పండించి బతికిన రైతుకు కప్పులో మెంతులు చల్లమని ఇస్తే చిన్నబుచ్చుకుంటాడు. ఆయన్ను మడి దగ్గర కూర్చోబెట్టి మిగతావాళ్ళకు నేర్పమనండి.

5. సహాయకులకు ముందే చెప్పండి

తోటలో అన్నిటికన్నా పెద్ద అడ్డంకి "ఉండు నాయనా, నేను చేస్తా" అనే మంచి మనసు. చెయ్యి వణుకుతున్నా, గింజ కింద పడినా, వాళ్ళు అడిగేదాకా ఆగాలి. "పాపం" అన్న మాట వినపడకూడదు. అడగకుండా వీల్‌చైర్ తొయ్యకూడదు. వయసులో పెద్దవాళ్ళను పేరుకు గారు చేర్చి పిలవాలి. జబ్బు పేరుతో ఎవరినీ గుర్తు పెట్టుకోకూడదు. వినపడనివాళ్ళతో ఎదురుగా నిలబడి, పని చేసి చూపిస్తూ మాట్లాడాలి.

6. తోటలో ఉండకూడనివి

గన్నేరు, ఉమ్మెత్త మొక్కల్లో ప్రతి భాగమూ విషమే. మతిమరుపు ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి వాటిని పీకేయండి. వయ్యారిభామతో దద్దుర్లు, ఆయాసం వస్తాయి, పూత రాకముందే తీయించండి. పురుగుమందు వాడొద్దు. అందరికీ ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ వేయించారో లేదో కనుక్కోండి. కొండ పక్క స్థలమైతే పాములు ఉండొచ్చు, మొదలుపెట్టే ముందు కుండీల వెనక కర్రతో తట్టి చూడటం తప్పనిసరి.

7. నోటుపుస్తకంలో రాయాల్సింది

ఎన్ని కిలోల కూర కాసిందన్నది కాదు, ఎవరు ఏ పని సొంతంగా చేశారన్నది రాయండి. "చెంబు రెండు చేతులతో ఎత్తారు", "ఇరవై నిమిషాలు కూర్చున్నారు" లాంటి ముక్కలు చాలు. నెలకోసారి దాన్ని థెరపిస్టుకు చూపిస్తే వచ్చే నెల పని ఆయనే మారుస్తారు. పండిన ఆకుకూర ఆ రోజు వచ్చినవాళ్ళు పంచుకుని ఇంటికి తీసుకెళ్ళాలి, అమ్మి పద్దులు రాసుకునే తలనొప్పి వద్దు.

బ్రహ్మోత్సవాల వారంలో, ముఖ్యంగా గరుడసేవ రోజున, ఊళ్ళో ఆటో దొరకదు. ఆ వారం సెలవు అని రెండు వారాల ముందే చెప్పి, మొలకలున్న చిన్న కుండీ ఒక్కొక్కటి ఇంటికి పంపండి. వారం మధ్యలో ఫోన్ చేసి నీళ్ళు పోస్తున్నారా అని అడగండి.