కిటికీ సీటు తీసుకునే ముందు ఎండ ఎటు పడుతుందో చూసుకోండి

శంషాబాద్ నుంచి పొద్దున్నే ఢిల్లీ వెళ్తుంటే ఎడమవైపు, అంటే 'A' అక్షరం ఉన్న సీటు తీసుకోండి. విమానం ఉత్తరంగా పోతుంది కాబట్టి ఎండంతా కుడివైపు వాళ్ల మొహాన కొడుతుంది. వాళ్లు షట్టర్ దించేసుకుంటారు, మీరు హాయిగా కింద చెరువులు చూసుకోవచ్చు. అదే పొద్దుటి పూట బెంగళూరుకైతే కుడివైపు, అంటే 'F' సీటు. సాయంత్రం ప్రయాణాలకు ఇదంతా తిరగేయాలి.

ఢిల్లీలో విమానం మారి గువాహటి వెళ్లేవాళ్లు మాత్రం ఎండ సంగతి పక్కనపెట్టి ఎడమవైపే పట్టండి. మబ్బు లేకపోతే హిమాలయాలు అటే కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో కుడివైపు.

ఎయిర్‌బస్ 320లో సుమారు 10 నుంచి 20 వరుసల దాకా రెక్కే అడ్డం. వెనక కూర్చుంటే ఇంజిన్ వేడిగాలికి దృశ్యం కాస్త అలుక్కుపోతుంది, ఫొటోలకు ముందు వరుసలే నయం. రాజమండ్రి లాంటి ఊళ్లకు తిరిగే చిన్న ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానంలో ఈ గొడవ తక్కువ. రెక్క కిటికీల పైన ఉంటుంది, పైగా తక్కువ ఎత్తులో ఎగురుతుంది. నన్నడిగితే చూడ్డానికి అదే బెస్ట్, చప్పుడు భరించగలిగితే.