అటక మీది పాత సామానుకు ఇంట్లో మళ్లీ చోటివ్వడం ఎలా?

ఊళ్లో పాత ఇల్లు పడగొట్టేటప్పుడో, పెద్దవాళ్లు పట్నంలో ఉన్న పిల్లల దగ్గరకు చేరేటప్పుడో అటక మీది సామాను మొత్తం ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఇత్తడి బిందెలు, గంగాళం, మరచెంబులు, కొలపాత్రలు, అంచు మాత్రమే గట్టిగా మిగిలిన పట్టుచీరలు, అద్దం పగిలిన పటాలు, లాంతర్లు, చువ్వల కిటికీలు అందులో ఉంటాయి. పాత సామాను కొనేవారు వచ్చి ఇత్తడికి కిలోల లెక్కన, జరీకి వెండి లెక్కన, కలపకు వంటచెరకు లెక్కన వెల కట్టి ఒక్క పూటలో తీసుకుపోతారు. ఆ తొందరలో పోయేవాటిలో కొన్నింటినైనా నిలుపుకొని, రోజూ కంటి ముందు ఉండేలా ఎలా మలచుకోవచ్చో ఇక్కడ వివరంగా చెప్పుకుందాం.

ఈ పనంతటికీ ఒక్క నియమం పెట్టుకుంటే చాలు. వస్తువుకు ఏం చేసినా, అవసరమైతే రేపు దాన్ని తీసివేసి పాత స్థితికి తేగలిగేలా చేయాలి. వేసిన రంధ్రం పూడదు, కోసిన గుడ్డ అతకదు, యంత్రం మీద పాలిష్ పట్టించినప్పుడు అరిగిపోయిన అక్షరం తిరిగి రాదు. వస్తువు కొత్తదానిలా మెరవాలన్న కోరికతోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. వాడకం వల్ల పడిన గుర్తులే దానికి విలువ తెస్తాయి కాబట్టి వాటిని కాపాడటమే ముఖ్యమని నా అభిప్రాయం.

ముట్టుకోకముందు

సామాను దించగానే కడగడం మొదలుపెట్టవద్దు. ముందుగా ప్రతి వస్తువునూ ఉన్నది ఉన్నట్టుగా నాలుగు వైపుల నుంచి ఫోటో తీయండి. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని అది ఎవరిది, ఏ సందర్భంలో వచ్చింది, దేనికి వాడేవారు అని అడిగి అప్పటికప్పుడే రాసుకోండి. ఈ పని వాయిదా వేస్తే చాలా ఇళ్లలో ఆ వివరాలు చెప్పగలిగే మనిషే మిగలరు.

తరువాత చెక్క వస్తువులను, బట్టలను, కాగితాలను లోహపు సామాను నుంచి వేరు చేసి, నీడలో శుభ్రమైన దుప్పటి మీద పరచి పురుగు ఉందేమో చూడాలి. చెక్క కింద తెల్ల కాగితం వేసి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే, పుచ్చు ఇంకా నడుస్తున్న చెక్క నుంచి మెత్తటి పొడి ఆ కాగితం మీద రాలుతుంది. అలాంటిదాన్ని మందు పెట్టించకుండా ఇంట్లోకి తీసుకుపోతే మిగతా సామానుకూ పట్టుకుంటుంది.

తాటాకు గ్రంథాలు బయటపడితే మాత్రం వాటిని అలంకరణ జోలికి తీసుకుపోకండి. ఆకులు విడదీసి చట్రంలో బిగించి గోడకు వేలాడదీయడం ఈ మధ్య అక్కడక్కడ కనిపిస్తోంది. అలా చేస్తే గ్రంథం వరుస తప్పి, చదవడానికి వీల్లేకుండా పోతుంది. హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట్ల వాటిని చూపించి సలహా తీసుకోవడం మేలు.

పేరు కొట్టించిన ఇత్తడి బిందె

బిందెను చేతిలోకి తీసుకొని మెడ కింద, అంచు చుట్టూ వేలితో తడిమి చూడండి. మన ఇళ్లలో పెళ్లికీ, గృహప్రవేశానికీ ఇచ్చిన పాత్రల మీద చిన్న చుక్కలతో పేరు, ఊరు, కొన్నిసార్లు తేదీ కొట్టించేవారు. ఆ చుక్కలు చాలా లోతు తక్కువగా ఉంటాయి. పాలిష్ దుకాణంలో తిరిగే చక్రం మీద ఒక్కసారి పట్టిస్తే సగం అక్షరాలు మాసిపోతాయి. అందుకే చేత్తో తోముకోవడమే మంచిది.

గుప్పెడు చింతపండును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిసికి, చిటికెడు ఉప్పు కలిపి ఆ గుజ్జును మెత్తటి నూలు గుడ్డతో బిందెకు పట్టించండి. కొబ్బరి పీచు, ఇసుక, ఇనుప పీచు వాడితే గీతలు పడతాయి. అక్షరాల మధ్య మెత్తటి పళ్ల బ్రష్‌తో తేలికగా తిప్పండి. రెండు మూడు నిమిషాలకు మించి గుజ్జును ఉంచవద్దు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపు ఎక్కువసేపు ఉంటే పైపొరలోని జింకు కరిగి పాత్ర ఎర్రబారుతుంది. ధారగా పడే నీళ్ల కింద బాగా కడిగి, తడి ఆరేలోపే పొడిగుడ్డతో తుడిచి కాసేపు ఎండలో పెట్టండి. సందుల్లో ఉప్పు, పులుపు మిగిలితే వారం తిరగకముందే చిలుము పడుతుంది.

తోమిన తరువాత పారదర్శక లక్కరు కొట్టించమని కొందరు సలహా ఇస్తారు. మెరుపు కొన్నాళ్లు నిలిచే మాట నిజమే గానీ, అది ఒక చోట పెచ్చు లేస్తే అక్కడ మాత్రమే నల్లబడి మచ్చలుగా కనిపిస్తుంది, దాన్ని తీయాలంటే థిన్నరు కావాలి. దానికి బదులు మైనపు పాలిష్‌ను పలుచగా రుద్దడం నయం.

ఈ బిందెలో మొక్క పెట్టాలనుకుంటే అడుగున రంధ్రం వేయకండి, మట్టిని నేరుగా పోయకండి. తడి, ఎరువు కలిసి లోహాన్ని తినేస్తాయి. బిందె మూతి చిన్నది కాబట్టి మొక్కకు గంగాళమో, వెడల్పాటి గుండిగో సరిపోతుంది. అడుగున మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున గులకరాళ్లు పరచి, వాటి మీద వేరే కుండీలో ఉన్న మొక్కను నిలపండి. నీళ్లు పోసేటప్పుడు కుండీని బయటకు తీసి పోసి, కారడం ఆగాక తిరిగి పెట్టండి. గంగాళంలో నీళ్లు నింపి పూలు వేసే అలవాటున్నవారు ఆ నీటిని రోజూ మార్చాలి. నిలవ నీటిలో దోమలు గుడ్లు పెడతాయి. బిందెను వసారా మూల దీపస్తంభం పక్కన ఖాళీగా పెట్టినా, పేరు కనబడేలా తిప్పి పెడితే అంతకు మించిన అలంకారం అక్కర్లేదు.

పాత్రను వంటకే తిరిగి వాడాలనుకుంటే లోపల కళాయి పూయించాలి. పాత్రను వేడి చేసి, నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) చల్లి, కరిగిన తగరాన్ని దూదితో పలుచగా రుద్దే ఆ పని తెలిసినవారు పాత పట్టణాల బజార్లలో ఇంకా దొరుకుతారు. కళాయి లేని ఇత్తడిలో పులుసు, మజ్జిగ వంటివి ఉంచకూడదు.

గిద్ద, సోల, తవ్వ, మానిక అని వరుసగా ఉండే కొలపాత్రలు 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చాక క్రమంగా అటక ఎక్కాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్న లెక్క పిల్లలకు తెలిసేలా, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా ఒక చెక్క పలక మీద పేర్చి పెట్టండి. ఇనుప కొలతలైతే తుప్పును పొడిగుడ్డతో తుడిచి, ఒక చుక్క నూనె రాస్తే సరిపోతుంది.

చిరిగిన పట్టుచీర, చెడని అంచు

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పట్టుచీరకు కావాలి. చీరను నేల మీద పరచి మడతల వెంట చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టు అక్కడే చీలుతుంది. చీర ఇంకా గట్టిగా ఉంటే దయచేసి కత్తెర పెట్టకండి. మడతలు మార్చి, ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో చుట్టి దాచుకోండి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు. ఎండిన వేపాకునో, వస కొమ్మునో చిన్న మూట కట్టి పెట్టెలో ఒక మూలన ఉంచితే చాలు. నడిమి భాగం, అంటే ఒడలు, పూర్తిగా చివికిపోయి అంచు, చెంగు మాత్రమే బాగున్న చీరనే పటంగా మార్చాలి.

పాత చీరల జరీలో పట్టు దారానికి వెండి తీగ చుట్టి, దాని మీద బంగారు పూత పూసేవారు. గాలిలోని గంధకపు అంశం వల్ల వెండి నల్లబడటం సహజం. ఆ నలుపును నిమ్మకాయతోనో, పళ్లపొడితోనో రుద్దితే పూత పోయి, కింద పట్టుదారం తెగుతుంది. కొంచెం మసకబారిన జరీ గోడ మీద అందంగానే ఉంటుంది.

పటానికి చెంగు, అంచు కలిసే మూలను ఎంచుకోండి. అక్కడ రెండు రకాల నేత ఒకే చోట కనిపిస్తుంది. కనిపించవలసిన భాగం చుట్టూ ఐదు సెంటీమీటర్లు అదనంగా వదిలి కత్తిరించండి. గద్వాల చీర అయితే నూలు ఒడలికి పట్టు అంచును కలిపి నేస్తారు కాబట్టి, ఆ కలయికకు లోపలి వైపున, అంటే నూలు వైపున, మూడు సెంటీమీటర్ల వస్త్రం వదిలి కోయాలి. కలయిక మీదనే కోస్తే అంచు విడిపోవడం మొదలవుతుంది.

అడుగు గుడ్డగా ముతక నూలు గుడ్డ తీసుకొని, గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికి ఆరబెట్టండి. దాని మీద పట్టు ముక్కను లాగకుండా, ముడత లేకుండా పరచి, అదే రంగు సన్నటి దారంతో అంచుల వెంట రెండేసి సెంటీమీటర్లకు ఒక కుట్టు చొప్పున వదులుగా వేయండి. సూది నేత పోగుల మధ్య నుంచి దిగాలి. జరీ తీగను గుచ్చితే అది విడిపోతుంది. బంక మాత్రం వాడవద్దు. ఏ బంకైనా కొన్నేళ్లకు గట్టిపడి, పసుపు మరకగా పైకి తేలుతుంది, అప్పుడు చీర ముక్కను దాని నుంచి విడదీయడం అసాధ్యం. మామూలు అట్ట, ప్లైవుడ్ నుంచి వచ్చే ఆమ్లం బట్టను కాలక్రమంలో పెళుసుగా మారుస్తుంది కాబట్టి, పటాలు కట్టేవారిని ఆమ్లరహిత అట్ట అడిగి తీసుకొని దాని మీద అడుగు గుడ్డను బిగించండి.

అద్దానికీ గుడ్డకూ మధ్య అర సెంటీమీటరు ఖాళీ ఉండేలా చట్రంలోపల సన్నటి చెక్కబద్దలు పెట్టించడం మరచిపోవద్దు. కోస్తా ఊళ్ల ఉక్కకు అద్దం లోపలి వైపు చెమ్మ పడుతుంది. గుడ్డ అద్దానికి తగిలి ఉంటే ముందు బూజు మచ్చలు వస్తాయి, తరువాత జరీ నల్లబడుతుంది. పటాన్ని ఎండ నేరుగా పడని గోడకు, అందులోనూ వానకు తడవని లోపలి గోడకు వేలాడదీయండి. కింది రెండు మూలల వెనుక చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే వెనక గాలి ఆడుతుంది.

మిగిలిన మెత్తటి నూలు చీరలతో బొంత కుట్టవచ్చు. మూడు నాలుగు పొరలు ఒకదాని మీద ఒకటి వేసి, నాలుగు వైపులా ముందు పెద్ద కుట్లతో అదిమి, ఆ తరువాత మధ్యలో దగ్గర దగ్గరగా వరుస కుట్లు వేసుకుంటూ పోవాలి. పుట్టబోయే బిడ్డకు ముత్తవ్వ చీరతో కుట్టిన బొంత ఇవ్వడం కంటే మంచి కానుక నాకు తోచదు.

కిటికీలు, తలుపులు

మండువా లోగిళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు కిటికీలు అద్దపు చట్రాలుగా, చిన్న అరలుగా బాగా ఒదుగుతాయి. పాత రంగు గీకే ముందు ఒక జాగ్రత్త అవసరం. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలకు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి పొడిగా ఉప్పుకాగితం పట్టకూడదు. చెక్కను తడిపి, ముక్కుకు బిగుతైన మాస్కు పెట్టుకొని, పిల్లలూ గర్భిణులూ దగ్గర లేనప్పుడు ఆరుబయట చేయాలి. రాలిన రంగును ఊడ్చవద్దు, తడిగుడ్డతో ఎత్తి మూట కట్టి పారవేయాలి. రంగు పెచ్చులు ఊడకుండా గట్టిగా ఉంటే దాన్ని అలాగే ఉంచి, పైన పారదర్శక వార్నిష్ ఒక పూత వేయడం మరింత సులువు.

రంగు లేని టేకుకు అవిసె నూనె పలుచగా రాసి, అరగంట తరువాత మిగిలినదాన్ని తుడిచేయండి. ఆ నూనె గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. అవి తమంతట తామే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. విప్పి ఆరుబయట ఆరబెట్టి, నీళ్లలో తడిపి పారవేయాలి. ఇనుప చువ్వలున్న కిటికీ చాలా బరువు కాబట్టి దాన్ని గోడ పూతలో దిగిన మేకుకు వేలాడదీయకూడదు. ఇటుకలోకి దిగే యాంకర్ బోల్టులు వేయించాలి, లేదా నేల మీద నిలిపి, పై భాగం జారకుండా గోడకు బిగించాలి.

లాంతర్లు, పాత ఫోటోలు

లాంతరులో బల్బు పెట్టాలనుకుంటే బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఈడీ దీపమే సురక్షితం. కరెంటు తీగ లాగితే ఒంటి లోహానికి ఎర్తు తప్పనిసరి, ఆ పని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

అద్దానికి అతుక్కుపోయిన పాత ఫోటోను లాగి తీయకండి, బొమ్మ అద్దం మీదనే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించి, ఆ ప్రతిని ముద్రించి గోడకు పెట్టండి. అసలు ఫోటోను చీకటిగా, పొడిగా ఉన్న పెట్టెలో దాచండి. ఉత్తరాలకూ ఇదే పద్ధతి.

విదేశాలకు తీసుకుపోవాలనుకుంటే

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు తాతల నాటి దీపపు సెమ్మెను, విగ్రహాన్ని, చెక్కడపు పనితనం ఉన్న తలుపును తీసుకుపోవాలని అడగడం సాధారణం. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన ఇలాంటి వస్తువులను, 75 ఏళ్లు నిండిన విలువైన రాతప్రతులను వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. పాతగా కనిపించే వస్తువు నిజంగా అంత పాతది కాకపోతే, భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం ముందే తీసుకుంటే విమానాశ్రయంలో ఇబ్బంది ఉండదు.

చివరగా చేయవలసిన చీటీ

మొదట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకున్న వివరాలను ఇప్పుడు వస్తువుకు జత చేయాలి. మందపాటి తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా చెమ్మకు పాకిపోతుంది. వాడినవారి పేరు, మీకు వారు ఏమవుతారో, ఊరు, సందర్భం, తెలిసినంతవరకు సంవత్సరం, మీరు ఏ భాగాన్ని కోశారు, ఏం పూశారు, ఎప్పుడు చేశారు అన్నవన్నీ ఉండాలి. ‘ఇది మా నాయనమ్మది’ అని మాత్రమే రాస్తే రెండు తరాల తరువాత ఎవరి నాయనమ్మో తెలియదు. చీటీని పటం వెనుక కవరులో ఉంచండి. పాత్రలకైతే నూలు దారంతో చెవికో, మెడకో కట్టండి. దాని ఫోటో ఒకటి తీసి కుటుంబంలో మరో ఇద్దరికి పంపండి.