బండి దిగి నడిచాకే గేరు: ఆఫ్‌రోడ్, జీపీఎస్ సాధనకు రెండు రోజులు ఎలా గడపాలి?

మహీంద్రా థార్ కొన్నవాళ్లలో చాలామంది పెద్ద గేరు లివర్ పక్కనున్న ఆ చిన్న లివర్‌ను షోరూమ్‌లో ఒకసారి కదిపి చూస్తారు. ఆ తర్వాత దాని జోలికి పోరు. మారుతీ జిమ్నీ వాళ్లదీ అదే కథ. ఇంకొందరు రెండు రీల్స్ చూసి, మూడో రోజే వాగులోకి దించేస్తారు. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి ఉన్నంత మాత్రాన రోడ్డు లేనిచోట దాన్ని నడపడం వచ్చినట్టు కాదు. నేర్చుకోవడానికి తేలికైన మార్గం ఐదారు బండ్ల క్లబ్‌తో ఒక శని, ఆదివారాలు బయటికి పోవడం. శనివారం బండి నడపడం, ఆదివారం దారి వెతకడం. హైదరాబాద్ వాళ్లకు అందుబాటులో ఉండే వికారాబాద్, తాండూరు వైపు నేలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. అక్కడ ఎర్ర నేల, నల్లరేగడి, బండరాయి అన్నీ దగ్గర దగ్గరగా దొరుకుతాయి.

1. ముందు చోటు, తర్వాతే తేదీ

మూసీ పుట్టిన అనంతగిరి కొండలు చూడగానే బండి ఎక్కించాలనిపిస్తుంది. కానీ అది రిజర్వు ఫారెస్టు. అనుమతి లేకుండా దారి తప్పించి లోపలికి పోతే కేసు అవుతుంది, అవ్వాలి కూడా. చెరువు శిఖం భూములు ఖాళీగా కనిపించినా ఎండాకాలం అక్కడా సాగు జరుగుతుంది. కాబట్టి ఎవరిదో తెలిసిన పట్టా భూమి చూసుకోండి. బీడుగా ఉండి, ఒక గట్టు, ఒక గుంత, కొంచెం రాతి నేల ఉంటే చాలు. రైతుతో ముందే మాట్లాడి, చెడగొట్టిన గట్టు సరిచేసి వెళ్తామని చెప్పండి. చెప్పినట్టు చేయండి. పక్కన కంది చేను ఉంటే దాని అంచు వెంట రిబ్బను కట్టండి.

వానలు వెనకబట్టాక, అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

బండ్లు ఎనిమిదికి మించితే ఎవరికీ వంతు రాదు, రోజంతా టీలు తాగడంతో సరి. ముందు బండిలో దారి తెలిసినవాళ్లు, చివరి బండిలో రికవరీ, అంటే దిగబడ్డ బండిని బయటికి తీయడం, తెలిసినవాళ్లు ఉండాలి. మలుపు వచ్చిన ప్రతిచోటా వెనక బండి కనిపించేదాకా ముందు బండి ఆగాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఎవరూ తప్పిపోరు.

2. సామాను

అలంకారపు లైట్లు, రూఫ్ రాక్‌లు తర్వాత చూసుకోవచ్చు. టైరు గాలి కొలిచే గేజి, గాలి కొట్టే కంప్రెసర్, పలుగు, పార, లాగడానికి సాగే తాడు, తాడును బండికి తగిలించే గట్టి ఇనుప కడియాలు (షాకిల్‌లు), చేతి గ్లౌజులు, మంటలార్పే సిలిండర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె చాలు. చక్రానికి పట్టునిచ్చే గరుకు పలకలు (ట్రాక్షన్ బోర్డులు) లేకపోతే నాలుగు గోనె సంచులు పెట్టుకోండి. బురదలో చక్రం కింద వేస్తే అవి చేసే సాయం తక్కువేమీ కాదు.

బండ్ల మధ్య మాటలకు వాకీటాకీలు బాగుంటాయి. 446 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే తక్కువ శక్తి సెట్లకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. అమెరికా నుంచి బావమరిది తెచ్చిన శాటిలైట్ మెసెంజర్ మాత్రం ఇంట్లోనే ఉంచండి. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, మెసెంజర్లు వాడటం ఇక్కడ నేరం.

3. శనివారం ఉదయం: గాలి తీయడం, లివర్ వేయడం

తారు రోడ్డు దిగగానే టైర్లలో గాలి తగ్గించండి. మామూలుగా 30 పీఎస్‌ఐ దగ్గర ఉండేదాన్ని రాళ్లు, మట్టి ఉన్న దారికి 20–22కు, మెత్తటి ఇసుకకు 16–18కి దించవచ్చు. గాలి తగ్గితే టైరు నేలమీద పొడవుగా పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది, రాళ్ల కుదుపూ తగ్గుతుంది. 15 కంటే కిందికి పోవద్దు. మలుపులో టైరు రిమ్ నుంచి ఊడే ప్రమాదం ఉంది. గాలి తగ్గించిన టైర్లతో వేగంగా పోవద్దు.

ఇప్పుడు చిన్న లివర్. 2హెచ్ అంటే వెనక చక్రాలకే శక్తి. 4హెచ్ అంటే నాలుగింటికీ. 4ఎల్ అంటే నాలుగింటికీ, పైగా నెమ్మదిగా, బలంగా. 4ఎల్ వేయాలంటే బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టాలి. థార్, జిమ్నీ రెండింట్లోనూ ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. అందుకే పొడి తారు రోడ్డుమీద 4హెచ్‌లో తిప్పకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. జారే నేలమీద ఆ తేడా జారుడులో కలిసిపోతుంది, తారు మీద మాత్రం గేర్ల మీద పడుతుంది.

స్టీరింగ్ పట్టేటప్పుడు బొటనవేళ్లు చక్రం లోపలికి చుట్టకండి. చక్రం రాయికి తగిలి స్టీరింగ్ గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది.

4. దిగి నడవడం, తర్వాత ఎక్కడం

ఇదే అసలు పాఠం. ఏ అడ్డంకి వచ్చినా బండి ఆపి, దిగి, అటు చివరిదాకా నడిచి రండి. రాయి ఎంత ఎత్తుంది, గట్టు అవతల ఏముంది, నీళ్లు మోకాలు దాటుతున్నాయా, అడుగున గట్టి నేల ఉందా. ఇవేవీ సీటులోంచి కనపడవు. మా గుంపులో బాగా నడిపేవాళ్లను గుర్తుపట్టడం తేలిక, వాళ్ల బూట్లకే మట్టి ఎక్కువ ఉంటుంది.

రాయిని రెండు చక్రాల మధ్య వదిలేసి దాటుదామనుకోవడం కొత్తవాళ్ల తప్పు. బండి కింద మధ్యలో డిఫరెన్షియల్ గుండు వేలాడుతుంటుంది, ముందు తగిలేది అదే. చక్రాన్ని రాయి మీదికే ఎక్కించండి. గుంత, కాలువ లాంటివి నేరుగా కాకుండా ఏటవాలుగా దాటితే ఒకసారి ఒక చక్రమే దిగుతుంది, మిగతా మూడూ నేల పట్టుకుని ఉంటాయి. ఎదుట ఒకరు నిలబడి చేతులతో దారి చూపాలి. ఒక్కరే చూపాలి. నలుగురు నాలుగు వైపులా అరిస్తే డ్రైవర్‌కు టెన్షన్ తప్ప ఏమీ రాదు.

ఎత్తు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నిటారుగా పోవాలి. అడ్డంగా తిప్పితే బండి పల్టీ కొడుతుంది. దిగుడుకు 4ఎల్, ఒకటో గేరు వేసి క్లచ్, బ్రేకు రెండిటి నుంచీ కాళ్లు తీసేయండి. ఇంజినే పట్టి ఉంచుతుంది. మొదటిసారి కాలు దానంతటదే క్లచ్ మీదికి పోతుంది. పోనివ్వకండి, తొక్కగానే బండి పట్టు తప్పి దొర్లుతుంది.

శనివారం అందరూ తప్పక చేయాల్సింది ఒకటుంది, ఎక్కలేకపోయిన ఎత్తు నుంచి వెనక్కి రావడం. చిన్న గట్టు మీద, కావాలనే మధ్యలో ఇంజిన్ ఆపండి. బ్రేకు గట్టిగా తొక్కి, హ్యాండ్ బ్రేకు వేయండి. క్లచ్ తొక్కి ఇంజిన్ స్టార్ట్ చేయండి. 4ఎల్‌లోనే రివర్స్ గేరు వేసి, బ్రేకు వదలకుండా క్లచ్‌ను మెల్లగా వదులుతూ పట్టు దొరకగానే హ్యాండ్ బ్రేకు, ఆపై కాలి బ్రేకు తీయండి. క్లచ్ పూర్తిగా వదిలేసి, స్టీరింగ్ నిటారుగా ఉంచి, అద్దాల్లో చూస్తూ ఇంజిన్ పట్టు మీదే దిగండి. ఆటోమేటిక్ బండైతే పని తేలిక, బ్రేకు మీద కాలుంచి రివర్స్ వేసుకుంటే చాలు. పదిసార్లు చేస్తే గాని భయం పోదు. తిప్పుకుని దిగుదామన్న ఆలోచన మాత్రం ఎప్పుడూ రానీయకండి.

5. దిగబడ్డప్పుడు

నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే బంక. టైరు గాళ్లలో నిండిపోయి గుండ్రటి మట్టి ముద్ద చేసేస్తుంది, ఇక పట్టు ఎక్కడిది? నా మొదటి నవంబర్‌లో పైన పొర ఎండిందని చూసి ఒక చెరువు అంచున దించాను. ఇరవై అడుగులు కూడా పోలేదు. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ ఇరుసు దాకా దిగింది. పొలంలోంచి వచ్చిన పెద్దాయన ఒకసారి బండిని, ఒకసారి నన్ను చూసి, "ఈ శిఖంల ట్రాక్టరే దిగబడ్తది సారూ, మీ బండెంత?" అన్నాడు. చివరికి ఆయన ట్రాక్టరే గట్టు మీద నిలబడి లాగింది. నడిచి చూసుంటే చెప్పుకే తెలిసిపోయేది, మడమ కింద నేల మెత్తగా కుంగేది.

చక్రం ఖాళీగా తిరిగిందంటే వెంటనే కాలు తీయండి. గాలి ఇంకాస్త తగ్గించండి. చక్రాల ముందు, అవసరమైతే బండి పొట్ట కిందా పారతో తవ్వండి. బోర్డులో, గోనె సంచులో వేసి, వచ్చిన గాడిలోనే వెనక్కి తీయడానికి చూడండి. చాలాసార్లు తాడు అవసరమే రాదు.

తాడు తీయాల్సి వస్తే అక్కడ హడావిడి కుదరదు. తాడును ఛాసిస్‌కు బిగించిన రికవరీ పాయింట్‌కే తగిలించాలి. ట్రైలర్ తగిలించే గుండుకు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అది తెగితే తుపాకీ గుండులా ఎగిరొస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. బండిని లారీ మీద కట్టడానికి ఇచ్చిన చిన్న కొక్కేలూ లాగడానికి పనికిరావు. తాడు మీద దుప్పటి వేయండి. చూసేవాళ్లు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో నిలబడాలి, తొమ్మిది మీటర్ల తాడైతే పద్నాలుగు మీటర్లు. వీడియో తీసేవాళ్లకూ మినహాయింపు లేదు.

6. శనివారం రాత్రి: ఫోన్ సిద్ధం చేయడం

భోజనాలయ్యాక అందరూ ఫోన్లు తీయండి. ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎమ్ఆండ్ లాంటి యాప్‌లో ఆ ప్రాంతపు మ్యాప్‌ను ముందే దింపుకోండి. ఫ్లయిట్ మోడ్ వేసి పనిచేస్తోందో లేదో చూడండి. జీపీఎస్‌కు సెల్ టవరు అక్కర్లేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు, ఎక్కడున్నామో లెక్క తేలుతుంది. నెట్ లేక ఆగిపోయేది మ్యాప్ బొమ్మ మాత్రమే.

మర్నాడు జీపీఎస్‌తో గుర్తులు వెతికే ఆటకు నిర్వాహకులు, జెండాలు పాతిన ఆరు గుర్తుల అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు. వాటిని ఎక్కించేటప్పుడు రెండు తప్పులు ప్రతిసారీ జరుగుతాయి. మొదటిది రాసే పద్ధతి. 17 డిగ్రీల 20 నిమిషాల 30 సెకన్లు అంటే దశాంశాల్లో 17.3417. దాన్నే 17.2030 అని కొట్టేస్తే దాదాపు పదిహేను కిలోమీటర్లు దక్షిణాన తేలతారు. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు మరి. రెండోది తారుమారు చేయడం. వికారాబాద్ 17.3, 77.9. ముందుది వెనక, వెనకది ముందు పెడితే మీ గుర్తు ఉత్తర ధ్రువం వైపున్న స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. ఇది నవ్వుకుని సరిచేసుకునే తప్పు. పదిహేను కిలోమీటర్లదే పట్టుబడదు.

7. ఆదివారం: దారి వెతకడం

డ్రైవర్ స్క్రీన్ చూడకూడదు. పక్క సీటులో ఉన్నవారే చూసి చెప్పాలి, సగం దారిలో ఇద్దరూ చోటు మారాలి. భార్యాభర్తలు ఒకే బండిలో ఉంటే ఈ ఆటలో కొంచెం ఓపిక కావాలి, అంతే చెబుతాను.

బయల్దేరే ముందు ట్రాక్ రికార్డింగ్ మొదలుపెట్టండి. మీరు పోయిన దారంతా గీతలా నమోదవుతుంది. తప్పిపోతే ఆ గీత మీదే వెనక్కి రావచ్చు.

గుర్తు 800 మీటర్లని స్క్రీన్ చూపిస్తుంది. అది గీత గీసినట్టు నేరుగా కొలిచిన దూరం. మధ్యలో వాగుందో, చేనుందో, క్వారీ గొయ్యి ఉందో దానికి తెలియదు. కాబట్టి గుర్తు వైపు కాకుండా, గుర్తు దాకా పోయే బండిబాట వైపు చూడండి. చేలో నుంచి అడ్డంగా పోతే ఆ జట్టు ఆట నుంచి ఔట్.

బాణం ఎటో చూపిస్తోందని తికమకపడేది ఎక్కువగా ఆగినచోటే. కదులుతున్నప్పుడే జీపీఎస్‌కు దిశ తెలుస్తుంది. ఆగి ఉన్నప్పుడు ఫోన్ తన లోపలి దిక్సూచి మీద ఆధారపడుతుంది, చుట్టూ ఉన్న బండి ఇనుము దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడా దిగడమే మందు. బండికి పది పదిహేను అడుగులు దూరం నడిచి, అక్కడ చూడండి. ఆకాశం బాగా కనిపించేచోట ఫోన్ ఐదు మీటర్ల అటూఇటూగా సరిగ్గానే చెబుతుంది, చెట్ల కింద, బండరాళ్ల పక్కన తేడా పెరుగుతుంది. అందుకే గుర్తు చేరామని స్క్రీన్ చెప్పినా జెండా కనిపించకపోతే, బండి అక్కడే ఆపి కాలినడకన చుట్టూ వెతకండి. బండితో వెతికితే నేలంతా గాళ్లు పడతాయి.

చివరి గుర్తుకు మాత్రం ఫోన్లు జేబులో పెట్టించి, కాగితం మీద గీసిన పటం, చేతి దిక్సూచి ఇవ్వండి. ఫోన్ ఎండకు వేడెక్కి ఆగిపోయిన రోజున అక్కరకొచ్చేది అదే.

8. వెళ్లేముందు

తారు రోడ్డు ఎక్కేలోపు లివర్ 2హెచ్‌కు మార్చి, నాలుగు టైర్లలోనూ గాలి నింపండి. చక్రాల లోపలి అంచులో ఇరుక్కున్న మట్టి తీయండి, లేకపోతే ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. దాన్ని అలైన్‌మెంట్ తప్పిందనుకుని షాపుకు పోయి డబ్బు పోసినవాళ్లలో నేనూ ఉన్నాను. నీళ్లు దాటి ఉంటే రెండుమూడుసార్లు బ్రేకు మెల్లగా తొక్కి ఆరబెట్టండి. జెండాలు, రిబ్బన్లు, వాటర్ బాటిళ్లు ఏరుకోండి. రైతుకు చేస్తామన్న గట్టు పని పార తీసి, చీకటి పడకముందే పూర్తిచేయండి.