పేజీ దగ్గరా, కార్డు దగ్గరా, గడప దగ్గరా? విదేశీ కొనుగోలు ఎక్కడ ఆగిందో ముందు చూడండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి నాలుగడుగుల దూరంలో నాకు ఒక నెట్ సెంటరు ఉంది. హాల్ టికెట్లు, దరఖాస్తులు, రైలు టికెట్లతో పూట గడుస్తుంది. ఉద్దానం నుంచి గల్ఫ్‌కూ, ఓడల మీదికీ వెళ్లినవాళ్ల ఇళ్లు చాలా ఉండటంతో విదేశీ వెబ్‌సైట్ల పేచీలు కూడా నా బల్ల మీదికే వస్తాయి. కూర్చోకముందే చాలామంది అనే మాట, "బాబూ, వీపీఎన్ వేసిపెట్టండి" అని. అంటే మన కనెక్షన్ వేరే దేశం నుంచి వస్తున్నట్టు సైటుకు చూపించే యాప్.

నేను తిరిగి అడిగేది ఒకటే: ఎక్కడ ఆగింది? పేజీ తెరవగానే ఆగిందా, డబ్బు కట్టేటప్పుడా, చిరునామా రాసేటప్పుడా, పార్సిలు దేశంలోకి వచ్చాకా? ఒక్కో చోట ఒక్కో తాళం ఉంటుంది. వీపీఎన్ మొదటి తాళానికి మాత్రమే చెవి.

"పేజీయే తెరుచుకోవడం లేదు"

మీ ఇంటర్నెట్ కనెక్షనుకు ఒక ఐపీ సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఏ దేశానికి కేటాయించినదో పట్టికలో చూసి సైటు తలుపు తీస్తుంది, లేదా వేస్తుంది. ఆమదాలవలసలో కూర్చున్నా ఊరు హైదరాబాద్ అనో చెన్నై అనో చూపించవచ్చు కానీ, దేశం విషయంలో పొరపాటు అరుదు. ఫోనులో లొకేషన్ ఆపేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అది జీపీఎస్ సంగతి, దీనికి సంబంధం లేదు.

ముందు అదే పేజీని మొబైల్ డేటాతో ఒకసారి, వైఫైతో ఒకసారి తెరవండి. ఒకదానిలో తెరుచుకుంటే అది దేశం అడ్డు కాదు, మీ కనెక్షన్ లోపం. తెర మీద 451 అనే అంకె కనిపిస్తే చట్టపరమైన కారణంతో ఆపారని అర్థం. 2018 మేలో యూరప్‌లో వ్యక్తిగత సమాచార చట్టం అమల్లోకి వచ్చినప్పుడు, ఆ తలనొప్పి మాకెందుకని కొన్ని అమెరికా స్థానిక పత్రికలు యూరప్ పాఠకులకు ఈ అంకె చూపించే తలుపు మూశాయి.

అలీఎక్స్‌ప్రెస్ గురించి ఇప్పటికీ అడుగుతుంటారు. దాన్ని మూసింది ఆ దుకాణం కాదు, మన ప్రభుత్వం. 2020 నవంబరు 24న నిషేధించిన 43 యాప్‌లలో అది ఒకటి. దానికి నా దగ్గర మందు లేదు.

ఇక వీపీఎన్. మన దేశంలో దాన్ని వాడటమే నేరం కాదు. కానీ చాలా సైట్ల నిబంధనలు ఒప్పుకోవు, ఖాతా మూసే హక్కు వాళ్లకు ఉంటుంది. పైగా కార్డు భారతదేశానిది, కనెక్షన్ నెదర్లాండ్స్‌ది అని కనిపిస్తే అనుమానంతో చెల్లింపు ఆపేస్తారు. ఉచిత వీపీఎన్ పెట్టుకుని కార్డు అంకెలు కొట్టడం మాత్రం నా కుర్చీలో కూర్చుని ఎవరినీ చేయనివ్వను.

"కార్డు తీసుకోవడం లేదు"

నా దగ్గరికి వచ్చే వాటిలో పెద్ద వాటా దీనిదే. తిట్లు విదేశీ దుకాణానికి, తాళం మాత్రం మన బ్యాంకులో.

విజయనగరం నుంచి ఒక వయొలిన్ మాస్టారు వచ్చారు. వియన్నాలో తయారయ్యే తీగల కోసం మూడు వారాలుగా ప్రయత్నం. "మన దేశం వాళ్లంటే వాళ్లకు చులకన నాయనా" అని బాధపడ్డారు. ఫోను తీసుకుని బ్యాంకు యాప్‌లో కార్డు నియంత్రణల పేజీ తెరిచాను. ఆన్‌లైన్ వాడకం తెరిచి ఉంది, అంతర్జాతీయ వాడకం మూసి ఉంది. దాన్ని తెరిచి, పరిమితి పెట్టగానే చెల్లింపు జరిగిపోయింది.

కారణం రిజర్వు బ్యాంకు ఆదేశం. 2020 మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల స్వైపింగ్ యంత్రాల మీద మాత్రమే పనిచేసేలా వస్తాయి. ఆన్‌లైన్‌కు ఒక మీట, విదేశాలకు ఇంకో మీట. రెండూ ఖాతాదారే వేసుకోవాలి. చాలామంది ఒకటి వేసి రెండోది మరిచిపోతారు. రెండూ వేసినా పరిమితి సున్నా ఉంటే ఫలితం లేదు. వస్తువు ధరకు కాస్త పైన పరిమితి పెట్టండి, పని కాగానే అంతర్జాతీయ మీట ఆపేయండి. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు; కార్డు సంఖ్య, గడువు తేదీ, వెనక ఉన్న మూడంకెలు చాలు. ఆ మీట తెరిచి ఉంచడమంటే వీధి తలుపు తీసి నిద్రపోవడమే.

అయినా పనిచేయకపోతే కార్డు మూలన ఉన్న గుర్తు చూడండి. రూపే అని ఉంటే విదేశీ దుకాణాల్లో చాలా వాటికి ఆ పేరే తెలియదు. బ్యాంకులో అడిగి వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ తీసుకోండి.

నెలవారీ చందాకు మొదటి నెల డబ్బు తీసుకుని రెండో నెల ఆగిపోయిందంటే అది వేరే జబ్బు. 2021 అక్టోబరు 1 నుంచి ప్రతి నెలా దానంతటదే డబ్బు కోసుకోవాలంటే బ్యాంకులో ముందస్తు అనుమతి నమోదై ఉండాలి, 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ ఏర్పాటులో చేరని విదేశీ సంస్థల కోతలను బ్యాంకు తిప్పికొడుతుంది. నెలవారీ బదులు ఏడాదికి ఒకేసారి కట్టే వీలుంటే అది ఎంచుకోండి.

"యాప్ కనిపించడం లేదు, మ్యాచ్ రావడం లేదు"

సినిమాల, క్రికెట్ హక్కులు దేశాలవారీగా అమ్ముడవుతాయి. ఇక్కడ చందా కట్టిన అబ్బాయికి మస్కట్‌లో అదే మ్యాచ్ రాకపోవడం లోపం కాదు, ఒప్పందం. అక్కడ హక్కులు కొన్న సంస్థ దగ్గర చందా కట్టుకోవాలి.

యాప్ కనిపించకపోతే ప్లే స్టోర్‌లో దేశం ఏముందో చూడండి. మస్కట్ నుంచి సెలవుకు వచ్చిన ఒకరి ఫోనులో దేశం ఒమన్ అని ఉండి, మన బ్యాంకు యాప్ ఎంత వెతికినా దొరకలేదు. సెట్టింగులలో భారతీయ చెల్లింపు పద్ధతి చేర్చి దేశం మార్చుకోవచ్చు. కానీ ఏడాదికి ఒక్కసారే, పాత దేశంలో మిగిలిన బ్యాలెన్సు కొత్తదానికి రాదు. ఆయన నెల తిరగకుండా మళ్లీ వెళ్లిపోతారు కాబట్టి మార్చలేదు. ఇక్కడ కొత్త గూగుల్ ఖాతా తెరిచి, దానితో యాప్ దించాం.

దుబాయ్‌లోని కొడుకుతో వాట్సాప్ సందేశాలు నడుస్తాయి, మాటలు కుదరవు అని తల్లులు వస్తారు. ఇంటర్నెట్ కాల్స్‌కు అక్కడి ప్రభుత్వం అనుమతించిన యాప్‌లే పనిచేస్తాయి. బోటిమ్ లాంటిది ఇద్దరూ పెట్టుకోండి. "వీపీఎన్ వేసుకోమని చెప్పనా?" అంటే వద్దమ్మా అంటాను. నేరానికి వీపీఎన్ వాడారని తేలితే ఎమిరేట్స్ చట్టంలో జరిమానా 5 లక్షల దిర్హాముల దగ్గర మొదలవుతుంది.

"చిరునామా ఒప్పుకోవడం లేదు, పార్సిలు ఆగిపోయింది"

అమెరికా సైట్లలో జిప్ కోడ్ గడిలో ఐదంకెలే పడతాయి. మన 532001లో చివరి అంకె కొట్టేసి పంపినవాళ్లున్నారు. ముందు దేశం పేరు మార్చండి, గడి దానంతటదే ఆరంకెలకు మారుతుంది. జాబితాలో భారత్ లేకపోతే ఆ దుకాణం ఇక్కడికి పంపదు. అక్కడి చిరునామాకు తెప్పించి ఇక్కడికి చేరవేసే సంస్థలున్నాయి. వాటి రుసుము, కస్టమ్స్ సుంకం కలిపి చూసుకున్నాక చాలామంది మనసు మార్చుకుంటారు.

"బహుమతి అని రాయిస్తే సుంకం పడదట కదా" అనే సలహా పాతబడింది. 2019 డిసెంబరు 12న వచ్చిన నోటిఫికేషనుతో ప్రాణరక్షక మందులు, రాఖీలు తప్ప, పూర్తి సుంకం కట్టకుండా బహుమతి పేరుతో దిగుమతులు కుదరవు. సొంత వాడకమని నిజం చెప్పి, కొరియర్ వాళ్లు అడిగిన గుర్తింపు పత్రం ఇవ్వండి. పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్లకు ఒక మాట: తయారైన డ్రోన్‌ను విదేశాల నుంచి తెప్పించుకోవడం 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం.

యూరప్‌లో ఉన్న మీ వాళ్లకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. 2018 డిసెంబరు 3 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశం దుకాణం ఇంకో దేశం కొనుగోలుదారుడిని దేశం పేరు చెప్పి వెనక్కి పంపకూడదు. అయితే ఇంటికి చేర్చే బాధ్యత దుకాణానికి లేదు, సినిమాలు, సీరియళ్లు ఈ చట్టం కిందికి రావు. జర్మనీలోని మేనల్లుడు ఫ్రాన్స్ దుకాణంలో కొనుక్కోగలడు. అదే దుకాణం సోంపేటలోని మేనమామకు అమ్మి తీరాలని ఏ చట్టమూ లేదు.

చివరగా, పార్సిలు గడప దాకా వచ్చినా ఒక తాళం మిగిలే ఉంటుంది. పెట్టె వెనక వోల్టేజి చదవకుండా ప్లగ్గు పెట్టకండి. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, మన గోడలో 230. ఓడ దిగి వచ్చిన మా బావ తెచ్చిన జపాన్ రైస్ కుక్కర్ తొలిరోజే పొగ వదిలింది. ఇప్పుడు మా అక్క దానిలో చింతపండు దాస్తోంది.