ఎఫ్-91డబ్ల్యు వాచీ మొరాయిస్తే: మూత విప్పే ముందు చూడవలసినవి

క్యాసియో ఎఫ్-91డబ్ల్యు 1989లో వచ్చింది. దాన్ని రూపొందించినవారు ర్యూసుకే మోరియాయి. ఇన్నేళ్లలో దాని ముఖం దాదాపు మారలేదు. బరువు 21 గ్రాములు, మందం 8.5 మిల్లీమీటర్లు. టైము, వారం, తేదీ, ఒక అలారం, ఒక స్టాప్‌వాచీ, చిన్న లైటు. అన్నీ మూడే మూడు బటన్లతో నడవాలి. చవకైన వస్తువును ఇంత పొదుపుగా, ఇంత నిజాయితీగా తయారుచేయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా బంధువుల్లో ఈ వాచీ ఉన్నవాళ్లు చాలామంది. ఏదైనా తేడా వస్తే నా దగ్గరికి తెస్తారు. వాటిలో సగానికి పైగా చెడిపోయినవి కావు. మూడు బటన్లకే అన్ని పనులూ అప్పగించారు కాబట్టి ఒక్కో బటన్ రెండు మూడు పనులు చేస్తుంది. తెలియకుండా నొక్కిన నొక్కు తర్వాత లోపంలా కనబడుతుంది. అందుకే నేను స్క్రూడ్రైవర్‌ను చివరికి గానీ తీయను.

కింద చెప్పబోయేవాటికి ఈ గుర్తులు చాలు: ఎడమవైపు పైన ఉన్నది లైటు బటన్, దాని కింద ఉన్నది మోడ్ బటన్, కుడివైపు ఉన్నది ఒక్కటే.

గంట గంటకూ కూస్తోంది

అది గంటల సూచన. అలారం తెరలో ఉన్నప్పుడు కుడి బటన్ తగిలితే మొదలవుతుంది. మోడ్ ఒకసారి నొక్కి అలారం తెరకు వెళ్లండి. అక్కడ కుడి బటన్ నొక్కుతూ పోతే అలారం, గంటల సూచన, రెండూ కలిపి, రెండూ లేకుండా అని నాలుగు స్థితులు వరుసగా మారతాయి. పైన ఉన్న చిన్న గుర్తులు మీకు కావలసినట్టు కనబడగానే ఆపండి.

పొద్దున మోగవలసిన అలారం రాత్రి మోగింది, తేదీ మధ్యాహ్నం మారుతోంది

ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందిన తప్పులు. మా నాన్నగారు ఉదయం ఎనిమిదికి మాత్ర వేసుకోవడానికి అలారం పెట్టుకున్నారు. అది రాత్రి ఎనిమిదికి మోగేది. గంట దగ్గర ఎనిమిది కనబడగానే ఆపేశారు గానీ పక్కన ఉన్న పీఎం గుర్తును గమనించలేదు. అంకె తేలిగ్గా కనబడుతుంది, ఆ గుర్తు మాత్రం చాలా చిన్నది.

అసలు టైములోనే ఇదే పొరపాటు జరిగితే ఇంకా చిత్రంగా ఉంటుంది. టైము సరిగ్గానే కనబడుతుంది, కానీ వాచీకి పగలు రాత్రి, రాత్రి పగలు. మన మధ్యాహ్నం పన్నెండు దానికి అర్ధరాత్రి కాబట్టి అప్పుడే తేదీ, వారం మారతాయి. యంత్రం చెడిందని చాలామంది అనుకునేది ఇక్కడే.

మామూలు టైము తెరలో కుడి బటన్ ఒకసారి నొక్కి 24 గంటల పద్ధతికి మార్చండి. మధ్యాహ్నం రెండు గంటలకు 14 కనబడాలి. 2 కనబడితే రహస్యం తెలిసిపోయినట్టే. మోడ్ మూడుసార్లు నొక్కితే సరిచేసే తెర వస్తుంది. అక్కడ లైటు బటన్‌తో గంటల దగ్గరికి జరిగి, కుడి బటన్‌తో 14 వరకు తీసుకెళ్లండి. అలారం గంటను కూడా ఈ పద్ధతిలో ఉంచే పెట్టుకోండి. తర్వాత మళ్లీ 12 గంటలకు మార్చుకోవచ్చు. నేను మాత్రం 24లోనే ఉంచేస్తాను. రైలు టిక్కెట్టు మీద ఉండే టైము అదే కదా.

నెలాఖరున తేదీ తప్పుతోంది

ఈ వాచీకి సంవత్సరం తెలియదు. ఫిబ్రవరి అంటే దానికి ఎప్పుడూ 28 రోజులే. లీపు సంవత్సరంలో 29వ తేదీన అది 1 చూపిస్తుంది. 2028 ఫిబ్రవరి 29న మీరే సరిచేయాలి. నాలుగేళ్లకు ఒకసారి చేసే పని, ఫిర్యాదు చేయదగ్గది కాదు.

ఏప్రిల్ 30 తర్వాత 31 కనబడితే కారణం వేరు. మామూలు తెర మీద నెల కనబడదు. వారం, తేదీ మాత్రమే ఉంటాయి. అందువల్ల నెల తప్పుగా పెట్టి ఉన్నా వారాల తరబడి తెలియదు, నెలాఖరుకు బయటపడుతుంది. సరిచేసే తెరలో లైటు బటన్ నొక్కుతూ పోతే సెకన్లు, గంటలు, నిమిషాల తర్వాత నెల వస్తుంది. ఆపైన తేదీ, వారం. వారాన్ని కూడా మనమే పెట్టాలి, తేదీని బట్టి అది లెక్కకట్టుకోలేదు.

ఫోనుకూ వాచీకీ తేడా వస్తోంది

నెలకు 30 సెకన్ల వరకు అటూ ఇటూ కావచ్చని తయారీదారే చెబుతారు. లోపల ఉన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఉష్ణోగ్రత మారితే ఆ లెక్క రవ్వంత మారుతుంది. చేతికి ఉన్న వాచీ ఒళ్లు వేడికి ఇంచుమించు ఒకే స్థితిలో ఉంటుంది. కిటికీ పక్కన బల్ల మీద వదిలేసినదానికి ఆ స్థిరత్వం ఉండదు.

నెల మొదటి రోజున సరిచేసుకునే అలవాటు పెట్టుకోండి. సరిచేసే తెరలోకి వెళ్లగానే సెకన్లే మొదట మెరుస్తాయి. ఫోనులో సెకన్లు సున్నాకు వచ్చిన క్షణంలో కుడి బటన్ నొక్కండి. వాచీ ముందుకు పోయి ఉంటే వెనక్కి వస్తుంది. వెనకబడి ఉంటే, అంటే సెకన్లు 30 నుంచి 59 మధ్య ఉంటే, నిమిషాన్ని ఒకటి పెంచి మరీ సున్నాకు వస్తుంది. ఈ చిన్న ఏర్పాటు నాకు చాలా ఇష్టం.

తెర మసకగా ఉంది, లేదా ఏమీ లేదు

ముందు మీ కంటికి చలువ అద్దాలు ఉన్నాయేమో చూడండి. పోలరైజ్డ్ అద్దాల్లోంచి చూస్తే ఇలాంటి తెర ఒక కోణంలో నల్లబడుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేసినా తెర నల్లబడవచ్చు. నీడలో చల్లారనివ్వండి.

అవేవీ కాకపోతే లైటు నొక్కండి. లైటు వెలిగినప్పుడు అంకెలు పాలిపోతే బ్యాటరీ అయిపోవచ్చినట్టే. ఇందులో వాడేది సీఆర్ 2016, సుమారు 7 ఏళ్లు వస్తుంది. కొత్త వాచీలో అంతకన్నా ముందే అయిపోతే కంగారు వద్దు. లోపలి బ్యాటరీ తయారైన రోజు నుంచే ఖర్చవుతూ ఉంటుంది. సీఆర్ 2025 కూడా చుట్టుకొలతలో ఇంతే ఉంటుంది కానీ మందం 1.6 బదులు 2.5 మిల్లీమీటర్లు. దుకాణంలో అది అంటగడితే తీసుకోకండి, మూత సరిగ్గా కూర్చోదు.

మార్చడం ఇంట్లోనే చేయవచ్చు. తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద పని చేయండి. వెనక నాలుగు చిన్న స్క్రూలు ఉంటాయి. మూతను నిలువుగా, నిదానంగా ఎత్తండి. యంత్రంలోని ఒక రంధ్రంలో వెంట్రుకంత సన్నని స్ప్రింగు నిలబడి ఉంటుంది. మూత లోపల అంటించిన పలుచని బిళ్ళకు కరెంటు అందించేది అదే, ఆ బిళ్ళే కూత పెట్టేది. మొదటిసారి మార్చినప్పుడు నా చేతిలోంచి ఆ స్ప్రింగు ఎగిరిపోయింది. టార్చి వేసి నేలంతా వెతికినా దొరకలేదు. వాచీ చక్కగా నడిచింది, అలారం మాత్రం మూగబోయింది. బ్యాటరీ మార్చాక శబ్దం రావడం లేదని ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది ఆ స్ప్రింగు గురించే.

బ్యాటరీని పట్టి ఉంచే లోహపు పట్టీకి ఒక కొక్కెం ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా తప్పించి, పాతది ఏ వైపు పైకి ఉందో చూసి కొత్తది పెట్టండి. అంకెలు పిచ్చిగా కనబడినా, తెర ఖాళీగానే ఉన్నా భయపడకండి. యంత్రం మీద ఏసీ అని రాసిన చోటు ఉంటుంది. లోహపు పట్టకారు ఒక కొనను అక్కడ, రెండో కొనను బ్యాటరీ పైముఖాన రెండు సెకన్లు ఆనించండి. లోపలి లెక్కలన్నీ మొదటికి వస్తాయి. ఈ పని చేయకుండా వాచీ పోయిందని పారేసినవాళ్లు నాకు తెలుసు, ఆ మాట తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అద్దం లోపల ఆవిరి

మూతకింద రబ్బరు రింగు మెలిక పడి ఉండవచ్చు, పాతబడి ఎండిపోయి ఉండవచ్చు, లేదా నీళ్లలో బటన్లు నొక్కి ఉండవచ్చు. ముఖం మీద నీటికి తట్టుకుంటుందని రాసి ఉన్న మాట వాన చినుకులకు, చేతులు కడుక్కోవడానికి. ఈతకు కాదు. మూత తీసి, ఫ్యాను గాలికి ఒకరోజు ఆరనిచ్చి, రింగును గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి బిగించండి. హెయిర్ డ్రయ్యర్ వేడి మాత్రం పెట్టవద్దు. ఆవిరి మళ్లీ వస్తే రింగు మార్చాలి.

బెల్టు తెగింది, చెయ్యి దురద పెడుతోంది

రోజూ ఒకే రంధ్రానికి పెట్టుకుంటే అక్కడే చీలుతుంది. దోమల క్రీములు, సెంట్లు ఈ రెజిన్ బెల్టును పెళుసుగా చేస్తాయి. 18 మిల్లీమీటర్ల నైలాన్ పట్టీ దీనికి చక్కగా సరిపోతుంది, మన ఎండలకు అదే హాయి. దురదకు ఎక్కువగా కారణం బెల్టు కింద నిలిచిపోయే చెమట, సబ్బు. ఒక రంధ్రం వదులు చేసి, వారానికోసారి బెల్టును తడి గుడ్డతో తుడిస్తే చాలామందికి తగ్గిపోతుంది.

చీకట్లో కుడివైపు అంకెలు కనబడవు

దీనికి మరమ్మతు లేదు. ఆకుపచ్చ లైటు ఎడమ అంచున ఒక్కటే ఉంది, వెలుగు అటు చివరకు చేరేసరికి పలచబడుతుంది. గంట ఎడమవైపే ఉంటుంది కాబట్టి అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు ఎంతయిందో తెలుస్తుంది. సెకన్లు చూడాలంటే దీపం వేసుకోవలసిందే.