అక్టోబరు గాలులు రాకముందే స్టోరేజీ కేబుళ్లు సరిచూసుకోండి

మన శ్రీకాకుళం వాళ్లకి అక్టోబరు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు సర్వర్ గదిలో ఒక పార్టు పోతే విశాఖ నుంచి మనిషి రావడానికి దారి కూడా ఉండదు. మధ్యలో స్విచ్ (కేబుళ్లను కలిపే పరికరం) లేకుండా స్టోరేజీని, అంటే సర్వర్లన్నీ వాడుకునే డిస్కుల పెట్టెను, నేరుగా సర్వర్లకు కలుపుకొన్న ఆసుపత్రులు, కాలేజీలు, చిన్న ఆఫీసులు సెప్టెంబరులోనే ఈ పనికి ఒక పూట కేటాయించాలి.

నేను పనిచేసిన ఒకచోట ప్రతి సర్వర్‌కూ స్టోరేజీ నుంచి రెండేసి సాస్ (SAS, డిస్కులను సర్వర్‌కు కలిపే ఒక పద్ధతి) కేబుళ్లు ఉండేవి. రెండున్నాయి కదా అని నిశ్చింతగా ఉన్నాం. ఒక గాలివాన రాత్రి కరెంటు పోతూ వస్తూ ఉంటే స్టోరేజీలో డిస్కులను నడిపే రెండు కంట్రోలర్లలో పైది ఆగిపోయింది. కింది కంట్రోలర్ బాగానే నడుస్తోంది, అయినా ఒక సర్వర్‌కు డిస్కులు కనబడటం లేదు. టార్చి వేసి ర్యాక్ వెనక్కి వెళ్లి చూస్తే, ఆ సర్వర్ కేబుళ్లు రెండూ పై కంట్రోలర్‌లోనే పక్కపక్క పోర్టుల్లో ఉన్నాయి. బిగించింది నేనే. అప్పటినుంచి కాగితం మీద గీయకుండా కేబుల్ ముట్టుకోను.

గీత ఇలా ఉండాలి: ప్రతి సర్వర్ నుంచి ఒక కేబుల్ పై కంట్రోలర్‌కు, ఒకటి కింది కంట్రోలర్‌కు. వీలైతే అవి వేర్వేరు హెచ్‌బీఏ కార్డుల (సర్వర్‌లో ఈ కేబుళ్లు గుచ్చే కార్డులు) నుంచి రావాలి. ఒకే కార్డు నుంచి వస్తే ఆ కార్డుతోపాటే రెండు దారులూ పోతాయి. పోర్టులు ముందే లెక్కపెట్టండి. కంట్రోలర్‌కు నాలుగేసి హోస్ట్ పోర్టులు (సర్వర్ల కేబుళ్లు గుచ్చేవి) ఉంటే మొత్తం 8, అంటే 4 సర్వర్లు. ఐదో సర్వర్ కోసం పాతవాటి రెండో కేబుల్ పీకడానికి మాత్రం ఒప్పుకోకండి. ఇంకొక సంగతి, అదనపు డిస్కుల బాక్సుకు వెళ్లే పోర్టు చూడ్డానికి హోస్ట్ పోర్టులాగే ఉండొచ్చు. పక్కన రాసిన గుర్తు చదివాకే పెట్టండి.

సాస్ రాగి కేబుల్ కొద్ది మీటర్లకే పనికొస్తుంది. పక్క గదిలోకి లాగాలంటే ఫైబర్ చూసుకోవాలి. సర్వర్‌ను పట్టాల మీద ముందుకి లాగినా కేబుల్ బిగుసుకోనంత వదులు ఉంచండి. ఫైబర్‌ను మడత పెట్టొద్దు, వాడని కొసకి మూత తీయొద్దు, వెలుగుతోందా అని కంటితో లోపలికి చూడొద్దు. ఐస్కజీ (iSCSI, నెట్‌వర్క్ కేబుల్ మీద డిస్కులు అందించే పద్ధతి) అయితే నేరు కేబుల్ ఒక్కోదానికి వేరే సబ్‌నెట్ (నెట్‌వర్క్ చిరునామాల వరుస) ఇవ్వండి.

అసలైన పరీక్ష కేబుల్ పీకి చూడటమే. మల్టీపాత్ (ఒక దారి పోతే రెండో దారి వాడుకునే సాఫ్ట్‌వేర్) పెట్టాం అన్న మాట నమ్మొద్దు. బ్యాకప్ తీసుకుని, పని లేని వేళ ఒక పెద్ద ఫైలు కాపీకి పెట్టి, ఒక కేబుల్ తీయండి. కాపీ క్షణం తడబడినా ఆగకూడదు. మళ్లీ క్లిక్ మనేదాకా గుచ్చి, ఆ దారి మల్టీపాత్ జాబితాలో తిరిగి కనబడేదాకా ఆగండి. తొందరపడి ఈలోగా రెండోది తీస్తే సర్వర్‌కు దారే ఉండదు. ఇలా ప్రతి సర్వర్‌కూ, ప్రతి కేబుల్‌కూ చేయాలి. విసుగే, కానీ నాకు ఆ రాత్రి తెలిసిన తప్పు ఇక్కడ పట్టపగలే బయటపడుతుంది.

స్టోరేజీకి ఉన్న రెండు పవర్ సప్లైలనూ వేర్వేరు యూపీఎస్‌లకు కలపండి. తుఫాను హెచ్చరిక వచ్చి ఆపేయాల్సి వస్తే ముందు సర్వర్లు, తర్వాత స్టోరేజీ. కరెంటు నిలకడగా వచ్చాక ముందు అదనపు డిస్కుల బాక్సులు, తర్వాత కంట్రోలర్లు, అవి పూర్తిగా సిద్ధమయ్యాకే సర్వర్లు.

కేబుల్ రెండు కొసలకీ ఒకే నంబరు చీటీ అంటించండి. మీరు గీసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ర్యాక్ తలుపు లోపలివైపు అతికించండి. పక్కనే సరిపడా పొడవున్న కేబుల్ ఒకటి అదనంగా వేలాడదీయండి.