బీపీ పెరిగిందా? ముందు ఆయింట్‌మెంట్ ట్యూబులు లెక్కపెట్టండి

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టర్ అడిగితే షుగర్ మాత్ర చెబుతాం, గ్యాస్ మాత్ర కూడా చెబుతాం, కానీ రోజూ రాత్రి కాళ్ళకి రాసుకునే ఆయింట్‌మెంట్ సంగతి మాత్రం నోటికి రాదు. పైపూతే కదా, అదీ ఒక మందేనా అనుకుంటాం. బీపీ కొత్తగా వచ్చినా, ఇన్నాళ్ళూ బాగానే ఉన్నది కారణం తెలీకుండా ఎగిరినా, ఆ ట్యూబు ఒకసారి బయటికి తీయండి. అందులో స్టెరాయిడ్ (దురద, వాపు తగ్గించే గట్టి మందు) ఉంటే బీపీ దానివల్ల కూడా పెరగొచ్చు.

అలాగని టెన్షన్ పడిపోకండి. దురదకి ఓ వారం కాస్త హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్ రాసుకున్నంత మాత్రాన బీపీ పెరిగే అవకాశం దాదాపు లేదు, చర్మం దాటి రక్తంలోకి వెళ్ళేది మామూలుగా చాలా తక్కువ. గట్టి స్టెరాయిడ్‌ని ఒళ్ళంతా నెలల తరబడి పూసినప్పుడే ఎక్కువగా చిక్కు. అప్పుడు అది మాత్ర మింగినట్టే ఒంట్లోకి చేరుతుంది, కిడ్నీలు ఉప్పునీ నీటినీ బయటికి పోనివ్వవు, రక్తనాళాలు బిగుస్తాయి, బీపీ పైకి పోతుంది.

మొదట పేరు చూడండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, దాన్ని వదిలేసి కింద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, హాలోబెటాసోల్ అని ఉంటే అవి అన్నిటికన్నా గట్టివి, బీటామెథాసోన్, మొమెటాసోన్ వాటి తర్వాత. తామరకని మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు క్లోబెటాసోల్ కూడా కలిపి ఉంటుంది, దురద రెండు రోజుల్లో తగ్గేది దాని వల్లే, తామర మాత్రం లోపల్లోపల పాకుతూనే ఉంటుంది. ముఖం తెల్లబడాలని రాసే కొన్ని క్రీముల్లోనూ మొమెటాసోన్ ఉంటుంది. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదంది. చీటీ అడిగే షాపు మీకెక్కడైనా కనిపించిందా?

తర్వాత లెక్క. ట్యూబు నుంచి చూపుడు వేలి చివరి గీత నుంచి కొస దాకా పొడుగ్గా పిండితే సుమారు అర గ్రాము, అది వేళ్ళతో సహా పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. ఒక కాలికి, పాదం వదిలేసి, అలాంటివి ఆరు కావాలి. అంటే రెండు కాళ్ళకీ పూటకి 6 గ్రాములు, రెండు పూటలా రాస్తే వారానికి 84. క్లోబెటాసోల్‌కి ఉన్న హద్దేమో వారానికి 50 గ్రాములు, అదీ వరసగా రెండు వారాలే! 30 గ్రాముల ట్యూబులు నెలకి ఎన్ని కొంటున్నారో గుర్తు చేసుకుంటే చాలు, విషయం అర్థమైపోతుంది.

గ్రాములు తక్కువే అయినా గజ్జల్లో, చంకల్లో, ముఖం మీద, పగిలిన చర్మం మీద రాస్తే లోపలికి ఎక్కువ పోతుంది. ముంజేతితో పోలిస్తే వృషణాల చర్మం 40 రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని 1967లోనే కొలిచి చెప్పారు. పైన ప్లాస్టిక్ కవర్ చుట్టినా, పసిపిల్లలకి డైపర్ కింద రాసినా అంతే.

ఇక బీపీ ఇంట్లోనే చూసుకోండి. కాఫీ తాగి అరగంటైనా కావాలి, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా నిమిషం తేడాతో రెండుసార్లు. పొద్దున, సాయంత్రం, వారం రోజులు. మొదటి రోజువి తీసేసి మిగతావాటి సగటు 135/85 దాటితే ఆ కాగితం, ట్యూబు రెండూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద ఎర్రటి చారలు, షుగర్ పెరగడం ఉంటే అవీ చెప్పాలి. నొప్పి మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, వాటితోనూ బీపీ పెరుగుతుంది. 180/120 దాటి ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబడటమో ఉంటే మాత్రం వారం దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికే.

ఇదంతా చదివి భయపడి ట్యూబు చెత్తబుట్టలో పడేయకండి. నెలల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపితే, శరీరం సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసుకోవడం మర్చిపోయి ఉండొచ్చు కాబట్టి నీరసం, వాంతులు రావచ్చు, ఈసారి బీపీ పడిపోవచ్చు, చర్మం కూడా ముందుకన్నా ఎర్రగా మండొచ్చు. ఎలా తగ్గించాలో స్కిన్ డాక్టర్ చెబుతారు. తగ్గిస్తున్నన్నాళ్ళూ బీపీ రాసుకుంటూ ఉండండి, అంకెలు దిగుతుంటే బీపీ మాత్ర మోతాదు మళ్ళీ చూడమని అడగండి, మీ అంతట మీరు మాత్రం మానేయొద్దు.